మీటరు మాట నమ్మవచ్చునా?

ధవళేశ్వరము ఆనకట్టవద్ద గోదావరి నీటిమట్టము 11.75 అడుగులకు చేరగానే మొదటి ప్రమాద హెచ్చరికయు, 13.75 అడుగులకు రెండవదియు, 17.75 అడుగులకు మూడవదియు జారీచేయుదురు. ఆ అంకెలను ఆలకించియే లంకగ్రామములవారు పశువులను మెరకకు తోలుకొనిపోవుదురు. కొలబద్ద ఒక అడుగు క్రుంగినదనుకొందము. నదిలో నీరు పెరుగదు; అంకె మాత్రము పెరుగును. బద్ద ఒక అడుగు పైకి జరిగినచో ముప్పు మరియు ఎక్కువ. వరద ముంచుకొనివచ్చుచున్నను అది రాలేదని చెప్పును. కనుక కొలతను నమ్ముటకు ముందు కొలబద్దను పరీక్షింపవలెను. మార్పులు చేయించిన కార్లలో అమర్చుకొను ఒక మీటరు విషయమున ఈ జాగ్రత్త ఎంత అవసరమో నేడు ముచ్చటించుకొందము.

ఇంజనులో ఇంధనము మండవలెనన్న గాలి కావలెను. ఒక కిలో శుద్ధమైన పెట్రోలు పూర్తిగా మండుటకు సుమారు 14.7 కిలోల గాలి పట్టును. గాలి తగ్గినచో మిశ్రమము చిక్కనైనదనియు, హెచ్చినచో పలుచనైనదనియు మెకానిక్కులు చెప్పుదురు. చిక్కదనము మితిమీరిన పొగయు, ఇంధన వ్యయమును పెరుగును. బరువు లాగుచున్నవేళ పలుచనైనచో వేడి పెరిగి వాల్వులును, పిస్టనులును చెడిపోవును. ఈ పాళ్లను తెలుపుటకు పొగగొట్టములో ఒక సెన్సరును బిగింతురు. 1976లో వోల్వో కార్లలో బాష్ సంస్థవారి తొలి సెన్సరు వచ్చినది. అది చిక్కనా, పలుచనా అని మాత్రమే చెప్పగలిగెడిది. తరువాత వచ్చిన వైడ్‌బ్యాండు సెన్సరు ఎంత చిక్కన, ఎంత పలుచన అనునది కూడ అంకెలలో తెలుపును.

ఇచట మరువరాని సంగతి యొకటి కలదు. ఈ సెన్సరు పెట్రోలును చూడదు, గాలిని తూచదు. మండిన పిమ్మట పొగలో మిగిలిన ప్రాణవాయువును బట్టి లెక్కకట్టును. కావలసిన గాలికి సరిగా సమానమైన గాలి వచ్చినచో దాని లెక్క 1. దీనికే లాంబ్డా యని పేరు. మీటరు ఆ లెక్కను 14.7 చేత హెచ్చవేసి మనకు చూపును. చిక్కులన్నియు ఇచటనే మొదలగును.

మన డెల్టా నేల అడుగున సహజవాయువు కలదు. ఓ.ఎన్.జి.సి. వారు రాజమహేంద్రవరము కేంద్రముగా దానిని దశాబ్దములుగా వెలికితీయుచున్నారు. పెట్రోలు కారును సి.ఎన్.జి.కి మార్పించుకొనువారును మన ప్రాంతమున కలరు. అట్టి గృహస్థు ఒకరు రాజమహేంద్రవరమునుండి రావులపాలెము మీదుగా అమలాపురము పోవుచున్నారనుకొందము. మీటరు 14.7 చూపుచున్నది. సహజవాయువునకు సుమారు 17.2 పాళ్ల గాలి కావలెనని ఆయన ఎచటనో వినియున్నారు. మిశ్రమము చిక్కగా నున్నదని తలచి, మీటరు 17.2 చూపువరకు గ్యాసును తగ్గింపించిరి. నిజమునకు మీటరు 14.7 చూపినప్పుడే లాంబ్డా 1. అనగా పాళ్లు సరిగానే యుండెను. ఇప్పుడు లాంబ్డా 1.17 అయినది. బాగుగా నడుచుచున్న ఇంజను, అంకె అర్థము కాకపోవుటచేత, ఎత్తు రాగానే తడబడసాగినది. 20 శాతము ఇథనాలు కలిసిన పెట్రోలుకును ఇట్టి భేదమే కలదు. దానికి కావలసిన గాలి సుమారు 13.5 పాళ్లు. కావున మీటరును లాంబ్డాలో చూపునట్లు అమర్చుకొనుట ఉత్తమము. అప్పుడు ఏ ఇంధనమునకైనను 1 అనునదే గురుతు.

రెండవది పొగగొట్టపు సందులు. సెన్సరుకు ముందున్న అతుకులో సన్నని పగులున్నను, ఇంజను మెల్లగా తిరుగునప్పుడు పొగ విడివిడి తరగలుగా వెడలుటచేత, ఆ నడుమ బయటిగాలి లోనికి పీల్చబడును. సెన్సరు ఆ ప్రాణవాయువును చూచి పలుచన యని చెప్పును. వేగము పెంచగానే అంకె సరియైనచో ముందుగా ఈ సందునే అనుమానింపవలెను. ఇంజను చల్లగా నున్నప్పుడు నడిపి, సైలెన్సరు చివర గుడ్డతో కొంచెము అడ్డగించి, అతుకులకు సబ్బునీరు పూసినచో బుడగలు దొంగను పట్టియిచ్చును. అయితే ఈ పని ఆరుబయటనే చేయవలెను. పొగలోని కార్బన్ మోనాక్సైడు రంగు, వాసన లేని విషము. తలుపులు మూసిన షెడ్డులో అది ప్రాణములు తీయును. అట్టి పగులు కారు అడుగున నున్నచో లోపల కూర్చున్నవారికిని ముప్పే.

మూడవది వెలగని ప్లగ్గు. ఒక సిలిండరులో నిప్పురవ్వ తప్పినచో అందలి ఇంధనమును, ప్రాణవాయువును మండకయే బయటికి వచ్చును. సెన్సరు ప్రాణవాయువునే ఎంచుటచేత పలుచన యని చూపును. యజమాని ఇంధనము పెంచును. ఆ మండని ఇంధనము పొగను శుద్ధిచేయు క్యాటలిటిక్ కన్వర్టరులో చేరి మండి, దానిని కరగించును. కావున పలుచన యని కనబడగానే ఇంధనము పెంచక, మొదట ప్లగ్గులను, కాయిళ్లను చూడుడు.

నాలుగవది తీగెలు. కొన్ని మీటర్లు 10 నుండి 20 వరకు గల పాళ్లను 0 నుండి 5 వోల్టులుగా మార్చి కారు కంప్యూటరుకు పంపును. ఎర్త్ తీగె వదులై 0.1 వోల్టు తేడా వచ్చినను పాళ్లలో 0.2 తప్పు దొరలును. మీటరుమీది అంకెయు, కంప్యూటరులోని అంకెయు వేరైనచో తప్పు ఇంజనుది కాదు. రెండింటి ఎర్త్ తీగెలను ఒకేచోట గట్టిగా బిగింపవలెను.

ఐదవది సెన్సరే. దానిలోని పింగాణివంటి భాగము సుమారు 750 డిగ్రీల సెంటిగ్రేడు వేడిమిలో పనిచేయును. నీటిచుక్క తగిలిన పగులును. కనుక దానిని గొట్టము అడుగున గాక పైవైపు వాలుగా బిగింతురు. కరెంటు ఇయ్యక పొగలో వదలినచో మసిబట్టును. ఇంజనాయిలు మండిన బూడిదయు, కొన్నిరకముల సిలికోను జిగురులును దానిని పాడుచేయును. ఊడదీసి, వేడెక్కనిచ్చి, శుభ్రమైన గాలిలో పట్టినచో అది మిక్కిలి పలుచనవైపు కొనకు పోవలెను. ఏలనన గాలిలో ప్రాణవాయువు 20.9 శాతము. పోనిచో దాని మాట చెల్లదు. సెన్సరు కాలునంత వేడిగానుండును, వట్టిచేతితో ముట్టరాదు.

ఇన్ని చూచిన పిదప రెండవ సాక్షిని పిలువుడు. కాలుష్య పరీక్షా కేంద్రములలో బి.ఎస్.-4, ఆపై ప్రమాణముల పెట్రోలు కార్లకు నిమిషమునకు సుమారు 2500 చుట్ల వేగమున లాంబ్డా 0.97, 1.03 నడుమ ఉండవలెనని నియమము. కారును పెట్రోలుమీద నడిపి, ఆ యంత్రము చూపు అంకెను మీ మీటరుతో పోల్చుడు. ఇద్దరు సాక్షులు ఒకటే చెప్పినచో నమ్మవచ్చును.

ఈ పరీక్షలలో ఒకటి ముగియకుండ మరియొకటి చేపట్టరాదు. ఏది మార్చితిమో, అంకె ఎంత కదలెనో ఒక పుస్తకమున వ్రాసికొనవలెను. గ్యాసు కిట్టు అనుమతి పొందినదై, రిజిస్ట్రేషను పత్రమున నమోదై యుండవలెను. సిలిండరును మూడేండ్లకొకమారు పరీక్ష చేయింపవలెను. ఇంధనపు పాళ్లను మార్చుట ఇన్నిటికిని చివరి పని. మొదటనే దానికి చేయి సాచినవాడు కొలబద్ద వంగినదని తెలియక ఆనకట్ట తలుపులు తిప్పినవాడగును.