ఇంటి గుట్టు, ఉమ్మి చుక్క

విభీషణుడు విప్పిన రహస్యం రావణుని పాలిట మృత్యువయింది. "ఇంటి గుట్టు లంకకు చేటు" అన్న సామెత అలా పుట్టింది. నేడు ఇంటి గుట్టు వెల్లడి కావడానికి ఎవరూ నోరు విప్పనక్కరలేదు. ఒక చిన్న గొట్టంలో ఉమ్మి నింపి తపాలాలో పంపితే చాలు.

1890లో శామ్యూల్ వారెన్, లూయీ బ్రాండైస్ అనే అమెరికన్ న్యాయవాదులు గోప్యతా హక్కును సిద్ధాంతీకరించారు. నాటి భయం కెమెరాలు, పత్రికల వల్ల. ఆ హక్కు ఒక్కొక్క వ్యక్తిది. డి.ఎన్.ఎ. విషయంలో ఈ భావన చాలదు.

మానవ జన్యుపటంలో దాదాపు 300 కోట్ల అక్షరాలున్నాయి. వంశావళి పరీక్షలు వాటిలో మనిషికీ మనిషికీ భేదించే కొన్ని లక్షల స్థానాలను మాత్రమే చదువుతాయి. అన్నదమ్ముల బిడ్డల మధ్య సగటున ఎనిమిదో వంతు డి.ఎన్.ఎ. ఉమ్మడిగా ఉంటుంది. నాలుగు తరాల వెనుకటి ఒకే దంపతుల సంతతి మధ్య అది నూట ఇరవై ఎనిమిదో వంతు. బంధుత్వాన్ని పసిగట్టడానికి కంప్యూటరుకు సాధారణంగా ఆపాటి పోలిక సరిపోతుంది.

కాలిఫోర్నియాలో 1970, 80 దశకాలలో హత్యలు చేసి తప్పించుకున్న ఒక నేరస్థుడు 2018 ఏప్రిల్‌లో పట్టుబడింది ఈ విధంగానే. అతడు ఏ వంశావళి సంస్థకూ ఉమ్మి ఇవ్వలేదు. ఇచ్చినవారు దూరపు బంధువులు. నేరస్థుడు దొరికినందుకు అందరూ సంతోషించవలసిందే. కాని అదే దారి నిరపరాధుల ఇళ్ళకూ పోతుంది.

2023లో ట్వంటీత్రీ అండ్ మీ సంస్థలో దుండగులు తెరిచినవి సుమారు 14,000 ఖాతాలు. బంధువులను వెదికే సదుపాయం ద్వారా దాదాపు 69 లక్షల మంది వివరాలు వారి చేతికి చిక్కాయి. 2025 మార్చిలో ఆ సంస్థ దివాలా రక్షణ కోరినప్పుడు ఖాతాదారుల జన్యు సమాచారం కూడా అమ్మకపు ఆస్తిగా మారింది.

జన్యు సమాచారాన్ని దాచడమే క్షేమమని కాదు. ఆర్యవైశ్యులలో సూడోకోలినెస్టరేజ్ అనే ఎంజైము లోపం ఇతరులలో కంటె ఎక్కువగా కనిపిస్తుంది. అది గలవారికి శస్త్రచికిత్సలో సక్సినైల్‌కోలిన్ ఇస్తే, నిమిషాలలో తేరుకోవలసిన కండరాలు గంటల తరబడి చచ్చుబడి ఉంటాయి. మత్తువైద్యునికి ముందుగా తెలిస్తే ప్రమాదం తప్పుతుంది. వైద్యుని చెవిలో ప్రాణం నిలిపే ఆ మాటే వ్యాపారి చేతిలో పడితే ఏమవుతుంది? అమెరికాలో 2008నాటి జన్యు వివక్ష నిషేధ చట్టం ఉద్యోగానికీ ఆరోగ్య బీమాకూ రక్షణ ఇచ్చింది; జీవిత బీమాకు ఇవ్వలేదు. 2017 ఆగస్టు 24న భారత సుప్రీంకోర్టు గోప్యతను ప్రాథమిక హక్కుగా ప్రకటించింది. కాని బంధువు ఇచ్చే అనుమతిని ఏ చట్టం ఆపగలదు?

కనుక పరీక్షకు ముందు ఇంట్లో పెద్దలతో, తోబుట్టువులతో ఒక మాట అనుకోవడం మంచిది. అవసరం లేకుంటే బంధువుల అన్వేషణకు సమ్మతించరాదు. పని తీరాక నమూనాను నాశనం చేయమనీ, సమాచారాన్ని తొలగించమనీ కోరవచ్చు. ఉమ్మి ఒకరిదే అయినా, గుట్టు ఇంటిల్లిపాదిదీ.