అన్నవాహికలో అరుదైన కణుతులు

ముద్ద మింగేటప్పుడు రొమ్ములో ఎక్కడో ఆగినట్లుంటే మన ఇళ్ళలో "అదంతా వాతం, గ్లాసెడు మంచినీళ్ళు తాగు" అంటాము. కొన్నాళ్ళకు చారన్నం మజ్జిగన్నమవుతుంది, అదిన్నీ గంజి అవుతుంది. మనిషి మాత్రం డాక్టరు వద్దకు వెళ్ళడు. యీ ఆలస్యం ఎంత నష్టమో గ్రహించాలంటే ఆ గొట్టం సంగతి కొంచెం తెలియాలి. మేము వైద్యులము కాము గాని, తెలుసుకున్నంత మేరకు పాఠకులకు మనవి చేస్తున్నాము.

గొంతు నుండి కడుపులోకి ఆహారాన్ని దింపేదే అన్నవాహిక. పెద్దవారిలో దీని పొడవు సుమారు 25 సెంటీమీటర్లు. దీని గోడలో లోపల మెత్తని పొర, దాని వెనుక రక్తనాళాలూ లింఫు నాళాలూ పారే వదులైన పొర, ఆ వెనుక కండరం వుంటాయి. సాధారణంగా వచ్చే రాచపుండు లోపలి పొరలో పుడుతుంది. పొగాకు, సారాయి, ఏళ్ళ తరబడి పైకి ఎగదన్నే పులుపు దానికి తోడ్పడతాయి. ఇదిగాక అరుదైన కణుతులు కొన్ని కద్దు. చుట్ట ముట్టని వారికి కూడా ఇవి రావచ్చును.

వాటిలో సాధువు లీయోమయోమా. ఇది కండరంలో పుట్టి, జంబుఖానా క్రింద బంతిలాగ, పై పొరను చెడగొట్టకుండా మెల్లగా పెరుగుతుంది. చాలామందికి బాధే వుండదు. రాచపుండుగా మారడం బహు అరుదు. చూపుకు దీనివలెనే వుండే గిస్ట్ అనే కణితి మాత్రం వేరు. ఇది లింఫు గ్రంథులకు పోవడం తక్కువ. రక్తం వెంట కాలేయానికి పోగలదు. కిట్ అనే జన్యువులోని మార్పు దీనికి మూలమని 1998లో జపాను శాస్త్రజ్ఞులు కనుగొన్నారు. పిమ్మట వచ్చిన ఇమాటినిబ్ మాత్ర అనేకులకు ఆయుర్దాయం పెంచింది.

చిన్న కణాల రాచపుండు బహు తొందరపాటుది. బయటపడేసరికే తరచుగా ఇతర అవయవాలకు చేరి వుంటుంది. అందుకే దానికి కత్తి కంటె మందులూ కిరణ చికిత్సా ముఖ్యం. చర్మానికి నలుపునిచ్చే కణాల వంటివే అన్నవాహికలోనూ కొందరికి వుంటాయి. వాటిలో పుట్టే మెలనోమా ఇంకా అరుదు, అంత ప్రమాదకరం కూడాను.

ఇవి పాకే దారులు మూడు. మొదటిది ఇరుగు పొరుగు. కడుపుకూ పేగులకూ వున్న పై తొడుగు అన్నవాహికకు లేదు. ప్రహరీ లేని ఇల్లు వంటిది. కండరం దాటిన పుండు పక్కనున్న శ్వాసనాళాన్నీ పెద్ద ధమనినీ తాకగలదు. స్వరపేటిక నరాన్ని పట్టుకుంటే గొంతు బొంగురుపోతుంది. రెండవది లింఫు దారి. ఆ నాళాలు గొట్టం పొడవునా పోతాయి గనుక, రొమ్ములో పుండుకు మెడలోనో పొట్టలోనో గ్రంథి ఉబ్బవచ్చును. మూడవది రక్తం. దాని వెంట కాలేయానికీ ఊపిరితిత్తులకూ ఎముకలకూ చేరుతుంది.

ఏ కణితి ఏదో పైకి చూసి ఎవరూ చెప్పలేరు. ఎండోస్కోపీతో చూడాలి, ముక్క తీసి పరీక్షించాలి. పొర క్రింది బంతులకు మామూలుగా తీసే ముక్క చాలదు. లోపలి నుండే అల్ట్రాసౌండుతో చూసి ఏం చేయాలో నిర్ణయిస్తారు. ముక్క తీస్తే ఒళ్ళంతా పాకుతుందని జంకి పరీక్ష మానుకునేవారున్నారు. అలా మానుకుంటే చేజారేది కాలమే. ఒకదానికి మాత్ర, ఒకదానికి కత్తి, ఒకదానికి కిరణాలు. ఏదో తెలియందే వైద్యం ఎలా మొదలవుతుంది?

ముంబయిలో 1941 నుండి టాటా మెమోరియల్, చెన్నయి అడయారులో డాక్టరు ముత్తులక్ష్మీ రెడ్డిగారు 1954లో నెలకొల్పిన కాన్సర్ ఇన్‌స్టిట్యూట్, బెంగుళూరులో కిద్వాయ్, కటకంలో ఆచార్య హరిహర్ వున్నవి.

మరొక్క మాట. మన పెద్దవారిలో కొందరికి ఇంటి తెలుగు తప్ప ఊరి భాష రాదు. తోడు వెళ్ళేవారు వారి మాటను "గ్యాసు" అని ఒక్క ముక్కలో తర్జుమా చేయవద్దు. గట్టి పదార్థమే దిగడం లేదా, నీళ్ళు కూడానా? ఎన్నాళ్ళయింది? బరువు ఎంత తగ్గింది? గొంతు మారిందా? యీ నాలుగూ పెద్దవారిని అడిగి, కాగితం మీద వ్రాసుకుని వెళ్ళండి.