సోమవారం కడుపునొప్పి
బడిలో తోటి పిల్లలు ఏడిపిస్తున్నప్పుడు తల్లిదండ్రులు, టీచర్లు చేయవలసినవి



సోమవారం ఉదయం పిల్లల ఓపీ ముందు జ్వరాలు, దగ్గులు, విరేచనాలతో పాటు ఒక రకం కడుపునొప్పి కూడా వచ్చి కూర్చుంటుంది. బిడ్డ వయసు ఆరు నుంచి పదేళ్ల లోపు. నొప్పి ఎక్కడమ్మా అంటే బొడ్డు చుట్టూ చెయ్యి తిప్పి చూపిస్తుంది. జ్వరం లేదు, వాంతులు లేవు. డాక్టరుగారు నొక్కి చూస్తే పొట్ట మెత్తగానే ఉంటుంది. మూత్రం, మలం పరీక్షల్లో ఏమీ కనబడదు. "నిన్నంతా బాగానే ఆడుకుంది సిస్టర్, స్కూలు టైముకే మొదలైంది" అంటుంది తల్లి. "అన్నీ నాటకాలు" అంటాడు తండ్రి.

ఇది నాటకం కాదు, నొప్పి నిజంగానే ఉంటుంది. భయపడినప్పుడు పేగుల కదలిక మారుతుంది. పరీక్ష హాలు ముందు, ఆపరేషను గది బయట మన పెద్దవాళ్లకు కడుపులో తిప్పినట్టు ఉండదా? బిడ్డకూ అంతే. తేడా ఏమిటంటే, తన భయం ఏమిటో చెప్పడానికి బిడ్డకు మాటలు రావు. కనుక పరీక్షలన్నీ బాగున్నా నొప్పి మాత్రం బడి రోజుల్లోనే వస్తుంటే, ఇంకొక్క ప్రశ్న అడగాలి. బడిలో ఈ బిడ్డను ఎవరైనా ఏడిపిస్తున్నారా?

ఏది ఆట, ఏది వేధింపు?

ర్యాగింగ్ అంటే కాలేజీ గొడవ అని మనందరికీ తెలుసు. 1997లోనే దాని మీద ఆంధ్రప్రదేశ్‌లో చట్టం వచ్చింది. ఒకటో తరగతి నుంచి ఐదో తరగతి దాకా చదివే పిల్లల్లో ఇలాంటివి ఉండవని మన నమ్మకం. "పిల్లలన్నాక కొట్టుకుంటారు, మళ్లీ కలిసిపోతారు" అంటాం. చాలాసార్లు అది నిజమే. రబ్బరు కోసం ఇద్దరు జుట్లు పట్టుకుని, ఇంటర్వెల్లో ఒకే జామకాయ పంచుకుంటే అది వేధింపు కాదు.

నార్వే దేశానికి చెందిన డాన్ ఓల్వియస్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ఈ విషయం మీద 1970ల నుంచి పనిచేశారు. వేధింపును గుర్తుపట్టడానికి ఆయన మూడు గుర్తులు చెప్పారు.

1. బాధ పెట్టాలనే చేస్తారు.
2. ఒక్కసారితో ఆపరు, మళ్లీ మళ్లీ చేస్తారు.
3. ఇద్దరూ సమానం కాదు. ఏడిపించేవాళ్లు బలంలోనో, వయసులోనో, సంఖ్యలోనో పైచేయిగా ఉంటారు. ఏడ్చే బిడ్డ ఎదురు తిరగలేదు.

ఈ మూడూ ఉంటే దాన్ని ఆట అనకూడదు. కొట్టడం ఒక్కటే వేధింపు కాదు. రోజూ పెన్సిలు లాక్కోవడం, బ్యాగు దాచడం, టిఫిన్ బాక్సులో మట్టి వేయడం, నల్లగా ఉందనో లావుగా ఉందనో పేర్లు పెట్టడం, కులం పేరుతో పిలవడం, కుంటి నడకను అనుకరించడం, "దాంతో ఎవరూ మాట్లాడకండి" అని అందర్నీ దూరం చేయడం ఇవన్నీ వేధింపులే. చెవి మిషను పెట్టుకున్న బిడ్డ, మూర్ఛవ్యాధి ఉన్న బిడ్డ, బొల్లి మచ్చలున్న బిడ్డ, నత్తి ఉన్న బిడ్డ వీటికి ముందుగా గురవుతారు. క్లాసులో టీచరు కళ్లెదుట ఇవి తక్కువ. మధ్యాహ్న భోజనం వరుసలో, కుళాయి దగ్గర, మరుగుదొడ్ల వెనుక, కిక్కిరిసిన స్కూలు ఆటోలో ఎక్కువ.

ఇది చిన్న విషయమా?

1982 చివరిలో నార్వే ఉత్తర ప్రాంతంలో 10 నుంచి 14 ఏళ్ల వయసున్న ముగ్గురు అబ్బాయిలు ప్రాణాలు తీసుకున్నారు. తోటి పిల్లల వేధింపు భరించలేకనే అలా చేసి ఉంటారని తేలడంతో దేశమంతా కలవరపడింది. మరుసటి ఏడాది, 1983లో, అక్కడి ప్రభుత్వం దేశవ్యాప్తంగా బడుల్లో దీనికి వ్యతిరేకంగా కార్యక్రమం మొదలుపెట్టింది. బెర్గెన్ పట్టణంలో 42 బడులకు చెందిన సుమారు 2,500 మంది పిల్లలను ఓల్వియస్ రెండేళ్లకు పైగా గమనించారు. పెద్దలు పట్టించుకున్నచోట వేధింపులు సగానికి సగం తగ్గాయి. అంటే ఇది చికిత్స ఉన్న జబ్బే.

యునెస్కో 2019లో అనేక దేశాల లెక్కలు కలిపి చూస్తే, విద్యార్థుల్లో దాదాపు ముగ్గురిలో ఒకరు అంతకు ముందు నెలలో ఒక్కసారైనా తోటి పిల్లల వేధింపుకు గురైనట్టు తేలింది. అదే సంస్థ 2020 నుంచి ఏటా నవంబరు మొదటి గురువారాన్ని బడుల్లో హింస, వేధింపులకు వ్యతిరేక దినంగా పాటిస్తోంది.

ఆరోగ్యం సంగతికొస్తే, ఇటలీ పరిశోధకులు 2009లో అప్పటిదాకా జరిగిన అధ్యయనాలను ఒకచోట చేర్చి చూశారు. వేధింపుకు గురయ్యే పిల్లల్లో కడుపునొప్పి, తలనొప్పి, నిద్ర పట్టకపోవడం, పక్క తడపడం వంటి బాధలు మిగతా పిల్లల కంటే సుమారు రెండింతలు ఉండవచ్చని కనుగొన్నారు. ఇంకో మాట గమనించండి. ఏడిపించే పిల్లల్లోనూ ఇలాంటి బాధలు మామూలు కంటే ఎక్కువే.

నోటితో చెప్పని మాట ఒంటితో చెబుతారు

ఈ గుర్తులు కనిపిస్తే జాగ్రత్తపడండి:

• బడి రోజుల్లో ఉదయం కడుపునొప్పి లేదా తలనొప్పి, సెలవు రోజున ఏమీ లేకపోవడం.
• పక్క తడపడం మానేసి ఆరు నెలలు దాటిన బిడ్డ మళ్లీ మొదలుపెట్టడం.
• ఇంటికి రాగానే చెప్పులు కూడా విప్పకుండా మరుగుదొడ్డికి పరుగెత్తడం. అక్కడ ఏడిపిస్తారనే భయంతో కొందరు పిల్లలు రోజంతా మూత్రం ఆపుకుంటారు, ఆపుకోవడం కోసం నీళ్లు తాగరు. మూత్రంలో ఇన్ఫెక్షన్ పదేపదే రావడానికి ఇదీ ఒక కారణం.
• సాయంత్రం విపరీతమైన ఆకలి. బాక్సు ఖాళీగానే వస్తుంది, కానీ తిన్నది వేరేవాళ్లు.
• పెన్సిళ్లు, పుస్తకాలు తరచుగా పోవడం, చొక్కా గుండీలు తెగడం, దెబ్బలకు పొంతన లేని కారణాలు చెప్పడం.
• నిద్రలో కలవరింత, చదువులో వెనకబడటం, తమ్ముడి మీదా చెల్లి మీదా విసుగు.

ఒక హెచ్చరిక. కడుపునొప్పులన్నీ భయం వల్లే రావు. నిద్రలోంచి లేపేంత నొప్పి, బొడ్డుకు దూరంగా ఒకే చోట ఉండే నొప్పి, జ్వరం, ఆగని వాంతులు, మలంలో రక్తం, బరువు తగ్గడం ఉంటే ఆలస్యం చేయకుండా డాక్టరుకు చూపించండి.

ఇంట్లో ఏమనాలి, ఏమనకూడదు?

"నువ్వూ రెండు పీకు" అనకండి. తనకంటే బలమైనవాణ్ని కొట్టలేకనే కదా ఏడుస్తున్నాడు! కొట్టలేకపోతే ఇప్పుడు నాన్న దగ్గర కూడా ఓడిపోయినట్టు అవుతుంది. "మగపిల్లాడివి ఏడుస్తావేంటి" అన్నా, "నువ్వేం చేశావో ముందు చెప్పు" అన్నా, బిడ్డ ఇంకోసారి నోరు విప్పదు. "పట్టించుకోకు" అన్న సలహా చిన్న వెక్కిరింతకు పనికొస్తుంది, రోజూ జరిగే బాధకు పనికిరాదు.

"బడిలో ఎవరైనా ఏడిపిస్తున్నారా?" అని సూటిగా అడిగితే చాలామంది లేదంటారు. జడ వేస్తున్నప్పుడో, అన్నం కలిపి పెడుతున్నప్పుడో వేరేలా అడగండి. "ఇవాళ అన్నం ఎవరి పక్కన కూర్చుని తిన్నావు? ఇంటర్వెల్లో ఏం ఆడారు? ఆటోలో ఎక్కడ కూర్చుంటావు?" జవాబులో ఎవరి పేరూ రాకపోతే, బిడ్డ ఒంటరిగా ఉందని అర్థం.

చెప్పడం మొదలుపెట్టాక మధ్యలో ఆపకండి, కోపంతో లేచిపోకండి. విన్న తర్వాత మూడు మాటలు చెప్పండి: "చెప్పి మంచిపని చేశావు. ఇందులో నీ తప్పు లేదు. మనం కలిసి దీన్ని ఆపుదాం."

చాడీకీ, సాయం అడగడానికీ తేడా కూడా నేర్పండి. ఎదుటివాణ్ని తిట్టించడానికి చెప్పేది చాడీ. తననో ఇంకొకరినో బాధ నుంచి తప్పించడానికి చెప్పేది సాయం అడగడం. ఈ తేడా తెలిసిన బిడ్డ టీచరు దగ్గరకు వెళ్లడానికి సిగ్గుపడదు.

టీచరును కలిసేటప్పుడు

గేటు దగ్గర నిలబడి ఎదుటి బిడ్డ తల్లితో గొడవకు దిగకండి. ఆ గొడవ రెండు కుటుంబాలదవుతుంది, మరునాడు దెబ్బ మళ్లీ మీ బిడ్డకే తగులుతుంది. ఎప్పుడు, ఎక్కడ, ఎవరు, ఏం చేశారు అన్నది ఒక కాగితం మీద తేదీలతో రాసుకుని ముందు క్లాసు టీచరును, తర్వాత అవసరమైతే హెడ్మాస్టరును కలవండి. "మా వాణ్ని జాగ్రత్తగా చూసుకోండి" అంటే ఎవరైనా సరేనంటారు. చిన్నచిన్న పనులు స్పష్టంగా అడగండి. కూర్చునే చోటు మార్చడం, మరుగుదొడ్డికి ఒక స్నేహితురాలిని తోడు పంపడం, భోజనం వరుస దగ్గర ఒక పెద్దవాళ్లు నిలబడటం, ఆటోలో చిన్నపిల్లల్ని డ్రైవరుకు దగ్గరగా కూర్చోబెట్టడం. వారం తర్వాత ఒకసారి, నెల తర్వాత ఒకసారి మళ్లీ వెళ్లి అడగండి. ఆస్పత్రిలో కట్టు కట్టిన గాయాన్ని కూడా మళ్లీ రమ్మని చూస్తాం కదా.

టీచర్లకు ఒక మనవి. ఇద్దర్నీ అందరి ముందు నిలబెట్టి "సారీ చెప్పుకోండి" అని షేక్‌హ్యాండ్ ఇప్పించడంతో పని అయిపోదు. విడివిడిగా మాట్లాడండి. మీరు ముద్దుగా పిలిచే "బొండాం", "నత్తోడు" అన్న పేర్లనే పిల్లలు ఇంటర్వెల్లో ఆయుధంగా వాడతారు. విద్యాహక్కు చట్టం 2009, సెక్షన్ 17 పిల్లలను శారీరకంగా శిక్షించడాన్నీ, మానసికంగా వేధించడాన్నీ నిషేధించింది. బెత్తం లేని క్లాసులో పిల్లలు కూడా ఒకరి మీద ఒకరు చెయ్యి ఎత్తడం తగ్గిస్తారు.

చూస్తున్న పిల్లల చేతిలోనే సగం మందు ఉంది

కెనడాలో పరిశోధకులు ఒకటి నుంచి ఆరో తరగతి దాకా చదివే పిల్లలను ఆటస్థలంలో వీడియో తీసి గమనించారు. 2001లో ప్రచురించిన ఆ ఫలితాలు చూడండి. వేధింపు జరిగిన 100 సందర్భాల్లో 88 సార్లు పక్కన వేరే పిల్లలు ఉన్నారు. అడ్డుపడింది మాత్రం 19 సార్లే. కానీ అలా అడ్డుపడిన వాటిలో సగానికి పైగా, 57 శాతం, పది సెకన్లలో ఆగిపోయాయి! మనం ఇంట్లోంచి వెళ్లి ఆపేలోపు ఒక పూట గడుస్తుంది. పక్కనున్న బిడ్డ ఒక్క మాటతో పది సెకన్లలో ఆపగలదు.

ఫిన్లాండ్‌లో తుర్కు విశ్వవిద్యాలయం వారు 2006 నుంచి తయారుచేసిన 'కివా' అనే కార్యక్రమం ఇదే దారిలో నడుస్తుంది. ఏడిపించేవాడికి బలం చుట్టూ ఉన్న నవ్వుల్లోంచి వస్తుంది. ఆ నవ్వు ఆగితే ఆట ఆగుతుంది. కనుక చూస్తున్న పిల్లలకు శిక్షణ ఇస్తారు.

మన పిల్లలకు కూడా మూడు సంగతులు నేర్పవచ్చు. నవ్వవద్దు. ఏడుస్తున్న బిడ్డ పక్కకు వెళ్లి "రా, మాతో ఆడుకుందాం" అని చెయ్యి పట్టుకుని తీసుకురా. భయమేస్తే పరుగున వెళ్లి టీచరుకు చెప్పు. కొట్లాటలోకి దిగమని మాత్రం నేర్పకండి. మార్కులు ఎన్ని వచ్చాయని రోజూ అడిగే మనం, "ఇవాళ ఎవరికైనా తోడు నిలబడ్డావా?" అని కూడా అడుగుదాం.

ఏడిపించే బిడ్డ కూడా మన బిడ్డే

"మీ అబ్బాయి ఏడిపిస్తున్నాడు" అని కబురొస్తే ఏ తల్లికైనా మనసు కష్టపడుతుంది. "మా వాడు అలాంటివాడు కాదు" అని తోసెయ్యకండి, బెల్టు తీసి బాదకండి. బలమున్నవాడు బలం లేనివాణ్ని కొట్టవచ్చనే పాఠమే ఆ బెల్టు మళ్లీ నేర్పుతుంది. ఇంట్లో అతన్ని ఎవరు కొడుతున్నారు, తాగివచ్చి ఎవరు అరుస్తున్నారు, అన్నయ్య ఏమని పిలుస్తున్నాడు అని చూడండి. చేసింది తప్పని గట్టిగా చెప్పండి, లాక్కున్న వస్తువు తిరిగి ఇప్పించండి, మంచిగా ఉన్న రోజున మెచ్చుకోండి.

స్కూలు కమిటీలో ఉన్న తల్లులకు

విద్యాహక్కు చట్టం ప్రకారం ప్రభుత్వ పాఠశాల యాజమాన్య కమిటీలో నాలుగింట మూడు వంతుల మంది తల్లిదండ్రులు, సంరక్షకులే ఉండాలి, సభ్యుల్లో సగం మంది స్త్రీలు ఉండాలి. కమిటీ కూర్చున్నప్పుడు గదుల సున్నం గురించి, బియ్యం గురించి మాట్లాడుకుంటాం. ఈసారి ఇంకో మూడు ప్రశ్నలు అడగండి: మరుగుదొడ్లకు గడియలు ఉన్నాయా? ఇంటర్వెల్లో పిల్లలను చూసేది ఎవరు? ఏడిపిస్తే ఎవరికి చెప్పాలో ఒకటో తరగతి బిడ్డకు తెలుసా?

బడిలో ఎవరూ వినకపోతే చైల్డ్ హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయండి. ఇది ఉచితం, 24 గంటలూ పలుకుతుంది. బిడ్డ దిగులుగా, ముభావంగా ఉంటే టెలి మానస్ 14416లో తెలుగులో సలహా దొరుకుతుంది. "నేను చచ్చిపోతాను" అన్న మాట పదేళ్ల లోపు బిడ్డ నోట వచ్చినా తేలిగ్గా తీసుకోకండి. ఒంటరిగా వదలకుండా అదే రోజు ఆస్పత్రికి తీసుకురండి.

ఈసారి కడుపునొప్పితో బిడ్డను తీసుకొచ్చినప్పుడు, అది ఏ రోజుల్లో, ఏ వేళకు వస్తోందో కూడా రాసుకుని తీసుకురండి. ఆ కాగితం డాక్టరుగారికి స్కానింగు కంటే ఎక్కువ సంగతులు చెప్పవచ్చు.

— నర్సింగ్ సూపరింటెండెంట్