గ్యాస్ గీజరా? కరెంట్ గీజరా?.. ధర కాదు, ముందు బిగించే చోటు చూడండి!

చలి మొదలైందంటే చాలు.. ఇంట్లో వేడినీళ్ల కోసం హడావుడే. సికింద్రాబాద్‌ ఏ.ఎస్. రావు నగర్‌లోనూ ఇదే సీన్. ఈసీఐఎల్ వ్యవస్థాపకుడు అయ్యగారి సాంబశివరావు పేరుతో వెలిసిన ఈ కాలనీలో ఇండిపెండెంట్ ఇళ్లూ ఉన్నాయి, అపార్ట్‌మెంట్లూ ఉన్నాయి. ఏ ఇంటికి ఏ గీజర్ సూటవుతుందో ఇప్పుడు చూద్దాం.

ఖర్చు లెక్క ఇదీ..

20 లీటర్ల బకెట్ నీళ్లు స్నానానికి సరిపడా వేడెక్కాలంటే సుమారు అర యూనిట్ కరెంట్ కావాలి. నలుగురున్న ఇంట్లో మనిషికి ఒక బకెట్ చొప్పున రోజుకు 2 యూనిట్లు, నెలకు 60 యూనిట్లు. అదే గ్యాస్‌ అయితే బకెట్‌కు 40 గ్రాములు, నెలకు దాదాపు 5 కేజీలు. అంటే 14.2 కేజీల సిలిండర్‌లో మూడో వంతు.

గృహజ్యోతి జీరో బిల్లు వస్తున్న వాళ్లు ఇంకో విషయం గుర్తుపెట్టుకోవాలి. గీజర్ వల్ల వాడకం 200 యూనిట్లు దాటితే ఆ నెల మొత్తం బిల్లు కట్టాల్సిందే.

అసలు డేంజర్ ఎక్కడ?

గ్యాస్ మండటానికి ఆక్సిజన్ కావాలి. గాలి ఆడని బాత్రూమ్‌లో ఆక్సిజన్ తగ్గిపోయి కార్బన్ మోనాక్సైడ్ తయారవుతుంది. ఇది రక్తంలోని హిమోగ్లోబిన్‌ను ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. తలనొప్పి, కళ్లు తిరగడం, వికారం.. ఆ తర్వాత స్పృహ తప్పడం. తలుపు గడియ పెట్టి ఉంటే లోపల ఏం జరిగిందో బయటివాళ్లకు తెలియదు.

'లీకైతే వాసన వస్తుందిలే' అనుకుంటే పొరపాటే. సిలిండర్ గ్యాస్‌కు ఆ వాసన కావాలని కలుపుతారు. కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ ఉండదు, వాసనా ఉండదు.

మరి ఏది బెటర్?

* గాలి బాగా ఆడే వాష్ ఏరియా ఉంటే గ్యాస్ గీజర్ ఓకే. గీజర్, సిలిండర్ రెండూ బయటే ఉండాలి. పైపు ద్వారా వేడినీళ్లు మాత్రమే బాత్రూమ్‌లోకి రావాలి. ఒక్క గీజర్‌తో రెండు బాత్రూమ్‌లకు లైన్ ఇచ్చుకోవచ్చు.
* బాత్రూమ్‌లో తప్ప బిగించే చోటే లేదా? అయితే గ్యాస్ వద్దు, కరెంట్ గీజరే కరెక్ట్. చిన్న వెంటిలేటర్ ఉంది కదా అని రిస్క్ చేయొద్దు.
* అద్దె ఇల్లయితే దిగే ముందే గీజర్ ఎక్కడుందో చూసుకోండి. బాత్రూమ్‌లో గ్యాస్ గీజర్ ఉంటే మార్చమని ఓనర్‌ని అడగండి.

కరెంట్ గీజర్‌కూ జాగ్రత్తలున్నాయి. ఎర్తింగ్, ఆర్‌సీసీబీ తప్పనిసరి. స్నానానికి వెళ్లే ముందే స్విచ్ ఆఫ్ చేయాలి. బోరు నీళ్లు వాడే ఇళ్లలో లోపల ఉప్పు పేరుకుంటుంది కాబట్టి ఏడాదికోసారి సర్వీసింగ్ చేయించాలి.

ఎవరైనా పడిపోతే..

ముందు తలుపులు, కిటికీలు తెరిచి మనిషిని బయటి గాలిలోకి తేవాలి. గ్యాస్ కట్టేసి వెంటనే 108కి కాల్ చేయాలి. గ్యాస్ లీకైన వాసన వస్తే స్విచ్‌లు ముట్టుకోకుండా బయటికొచ్చి 1906కి ఫోన్ చేయాలి.

బిల్లులో తేడా నెలకు కొన్ని వందలే. చోటు విషయంలో తప్పు చేస్తే మాత్రం ప్రాణానికే ముప్పు. అందుకే షాపుకు వెళ్లే ముందు ఒకసారి మీ బాత్రూమ్ చూసుకోండి.