జాలీ వెనక పేరుకున్నది

2000 సంవత్సరంలో కాలిఫోర్నియాలోని వాట్సన్‌విల్‌లో, ఒకే నెయిల్ సెలూన్‌లో పెడిక్యూర్ చేయించుకున్నవాళ్లకు కాళ్ల మీద సెగగడ్డలు లేచాయి. లెక్క తేలేసరికి బాధితులు 110 మంది. చాలామందికి అవి నెలల తరబడి మానలేదు.

కారణం మైకోబాక్టీరియం ఫార్చూయిటమ్. క్షయ క్రిమి కుటుంబానిదే, కానీ నీళ్లలో, మట్టిలో మామూలుగా బతుకుతుంది. కుళాయి నీళ్లతో కాస్త వచ్చినా మనకేమీ కాదు. కానీ అక్కడ కాళ్లు నానబెట్టే టబ్బులు నీటిని పీల్చి మళ్లీ చిమ్మే రకం. పీల్చేచోట జాలీ ఉంటుంది. విప్పి చూస్తే దాని వెనక వెంట్రుకలు, చర్మపు పొట్టు పేరుకుని ఉన్నాయి. క్రిములకు తిండీ, నీడా అక్కడే దొరికాయి. పరీక్షించిన 10 టబ్బుల్లోనూ అవే బయటపడ్డాయి.

అందరికీ ఎందుకు సోకలేదు? జబ్బుపడినవాళ్లలో 70 శాతం మంది పెడిక్యూర్‌కి ముందు కాళ్లకు రేజర్ వాడారు. జబ్బు రానివాళ్లలో అలా వాడినవాళ్లు 31 శాతమే. కంటికి ఆనని గాట్లే క్రిములకు దారి ఇచ్చాయి. పార్లర్‌కి వెళ్లే ముందు కాళ్లు షేవ్ చేసుకోకండని నేను గట్టిగా చెప్పేది అందుకే.

మురికి మీద పోసిన క్రిమినాశిని చాలావరకు వృథా. దాని బలమంతా ఆ మురికితోనే ఖర్చైపోతుంది, అడుగున జిగురు పొరలో దాగిన క్రిములు బతికిపోతాయి. ముందు సబ్బుతో తోమాలి, కడగాలి, ఆ తర్వాతే మందు. అదీ డబ్బా మీద రాసినంతసేపు, చాలా మందులకు 10 నిమిషాలు, తడి ఆరకుండా ఉండాలి. ఈ లెక్కన గొట్టాలూ జెట్లూ లేని మామూలు స్టీలు బేసినే నాకు నయమనిపిస్తుంది. దాంట్లో మురికి దాక్కునే చోటు లేదు.

కత్తెరలు, కటర్లు కడిగాక ఆటోక్లేవ్‌లో 121 డిగ్రీల ఆవిరిలో ఉంచితే నిశ్చింత. పార్లర్లలో పెట్టే నీలికాంతి (యూవీ) పెట్టె ఆ పని చేయలేదు, వెలుగు సోకని వైపు క్రిములు అలాగే ఉంటాయి. గోళ్లు అరగదీసే అట్ట ఆకురాయిని శుద్ధి చేయడం కుదరదు, ఒకరికి వాడాక పారేయాల్సిందే.

గోరు మొదట్లో ఉండే పల్చని తోలు లోపలికి నీళ్లూ క్రిములూ పోకుండా మూసే సీలు. అందం కోసం దాన్ని కత్తిరిస్తే గోరుచుట్టుకు తలుపు తీసినట్టే. వద్దని చెప్పండి. షుగర్ ఉండి పాదాలు తిమ్మిరెక్కేవాళ్లకు గాటు పడినా తెలియదు, వాళ్లు మరీ జాగ్రత్తగా ఉండాలి.

ఇక పనిచేసే అమ్మాయి. ఎండిన రక్తపు మరకలో హెపటైటిస్ బి వైరస్ కనీసం 7 రోజులు బతుకుతుంది. దానికి టీకా ఉంది. ఆ టీకా, గ్లవ్స్, ఇద్దరు కస్టమర్ల మధ్య బేసిన్ తోమేందుకు తీరిక: ఈ మూడూ యజమాని ఇవ్వాల్సినవి.