కొలెస్ట్రాల్ - మన భోజనము

నూనె డబ్బాలపై "కొలెస్ట్రాల్ లేనిది" అని అచ్చువేసి యుండుట మనము చూచుచున్నాము. ఆ మాట నిజమే. కాని వేరుసెనగ, నువ్వు, ప్రత్తిగింజల నూనెలలో కొలెస్ట్రాల్ ఎన్నడును లేదు. అది మాంసము, గ్రుడ్లు, పాలు మొదలగు జంతు సంబంధమైన ఆహారములందే యుండును. ఆ మాటను నమ్మి నూనెను ధారాళముగ వాడుట పొరపాటు.

కొలెస్ట్రాల్ అనగా నేమి?

ఇది మైనమువంటి క్రొవ్వు పదార్థము, విషము కాదు. శరీరములోని ప్రతి కణమునకు, పైత్యరసము తయారగుటకు ఇది అవసరము. ఇందు అధికభాగమును మన కాలేయమే తయారుచేయును. రక్తములో దీనిని ఎల్.డి.ఎల్., హెచ్.డి.ఎల్. అను కణికలు మోయును. మొదటిది మితిమీరినచో, కాలువలో పూడిక చేరినట్లు, రక్తనాళముల గోడలలో పేరుకొని దారిని ఇరుకుచేయును. రెండవది మిగులు కొలెస్ట్రాలును తిరిగి కాలేయమునకు చేర్చును.

దీనిని పెంచునవి

నెయ్యి, వెన్న, పామాయిలు, మాంసపు క్రొవ్వు అధికమైనచో ఎల్.డి.ఎల్. పెరుగును. వనస్పతిలో నుండు ట్రాన్స్ క్రొవ్వు మరింత హానికరము. నూనెలు, వనస్పతులలో ఇది నూటికి 2 పాళ్లు మించరాదని 2022 జనవరి నుండి మనదేశమున నియమము కలదు. కోడిగ్రుడ్డులో సుమారు 200 మిల్లీగ్రాముల కొలెస్ట్రాల్ ఉన్నను, ఆరోగ్యవంతులు దినమున కొక గ్రుడ్డు తినవచ్చును.

దీనిని తగ్గించునవి

పల్నాటి జొన్నకూడు శ్రీనాథుని కాలమునుండి ప్రసిద్ధము. 1967లో నాగార్జునసాగర్ కుడికాలువకు నీరు వదలిన పిదప ఈ సీమలో వరి పెరిగి, జొన్న, సజ్జ, కొర్ర వెనుకబడినవి. వీనిలోను, పప్పులు, కూరగాయలలోను పీచు కలదు. కొన్ని రకముల పీచు ప్రేగులలో పైత్యరసమును పట్టి బయటకు పంపును. అంతట కాలేయము క్రొత్త రసమునకై రక్తములోని కొలెస్ట్రాలును వాడుకొనును. కనుక వారమున కొన్ని పూటలైనను జొన్నరొట్టె, కొర్రన్నము, పప్పు తినుట మేలు.

నూనె లెక్క

భారత వైద్య పరిశోధన మండలి లెక్క ప్రకారము కూర్చుండి పనిచేయు పురుషునికి దినమునకు 25 గ్రాములు, ఒక మోస్తరు పనికి 30, కాయకష్టమునకు 40 గ్రాముల నూనె చాలును. ట్రాక్టరు వచ్చి కష్టము తగ్గినచో, కూరలోని నూనెయు తగ్గవలెను. బజ్జీలు వేచిన నూనెను మరల మరల కాచి వాడరాదు.

కొలెస్ట్రాల్ పెరిగినను పైకి ఏ బాధయు కనపడదు. కనుక నడివయసు వారు, ముఖ్యముగ మధుమేహము, రక్తపుపోటు, చుట్ట, బీడీ అలవాటు గలవారు, వైద్యుని సలహాపై రక్తపరీక్ష చేయించుకొనవలెను. రొమ్ములో బరువు, చెమటలు, ఎడమచేతి లాగుడు కలిగినచో వాయువని ఇంట కూర్చుండక వెంటనే ఆసుపత్రికి చేరవలెను. ఈ సంగతిని గ్రామోద్యోగులు నలుగురికి తెలియజేయుదురు గాక!