నల్ల చేలో తెల్ల విత్తనాలు

నల్లటి చేను, తెల్లటి విత్తనాలు. చేత్తో చల్లుతాం, నోటితో ఏరుకుంటాం. ఏమిటది?

పలకలకు పేరుపడ్డ మార్కాపురంలో ‘ఇదీ ఓ ప్రశ్నేనా’ అంటారేమో! పలక మీద బలపంతో రాసిన అక్షరాలు. పుస్తకమైతే రంగులు తారుమారు: చేను తెలుపు, విత్తనాలు నలుపు. ఇటలీలోని వెరోనాలో దాదాపు 1200 ఏళ్ల కిందట ప్రార్థన పుస్తకంలో ఎవరో రాసిపెట్టిన పొడుపు కథ ఒకటి 1924లో పండితుల కంటపడింది. అందులోనూ తెల్లని పొలమే, నల్లని విత్తనమే. దున్నే ఎడ్లు మాత్రం అదనం. అవి రాసేవాడి వేళ్లట!

మరి పులి, మేక, గడ్డిమోపు... ఒకదాన్నొకటి తినకుండా, పడవలో ఒక్కోదాన్నే ఏరు దాటించమనే చిక్కు సంగతేమిటి? రెండింటినీ ఒకే గాటన కట్టలేం. చిక్కులో కావలసినదంతా ప్రశ్నలోనే ఉంటుంది. దాటించిన మేకను మళ్లీ వెనక్కి తేవాలన్న మెలిక తడితే చాలు, పులిని ఎన్నడూ చూడనివాళ్లూ విప్పేస్తారు. జవాబు ఒప్పో తప్పో ఎవరికి వారే సరిచూసుకోవచ్చు. పదకొండో శతాబ్దంలో పావులూరి మల్లన గణితాన్ని తెలుగు పద్యాల్లో చెప్పాడు. పద్యం ఎంత సొగసైనా లెక్క లెక్కే.

పొడుపు కథలో కావలసింది ప్రశ్నలో దొరకదు, ఇంట్లోనో వాకిట్లోనో ఉంటుంది. అడవిలో పుట్టి, ఇంటికొచ్చి, కుండలో చిందులేసేది కవ్వం. గిద్దలూరు వైపు పిల్లలకు అడవంటే పక్కనున్న నల్లమలే, అంతవరకూ సులువే. కానీ చల్ల చిలికే చప్పుడు వినని పిల్లాడు ఎంత చురుకైనా జవాబు చెప్పలేడు. తెలివి చాలక కాదు, ఇంట్లో కవ్వం లేక.

పలకకూ ఆ గతే పట్టేలా ఉంది. ఒకప్పుడు మార్కాపురం పలక దేశమంతా తిరిగింది. నోటు పుస్తకాలు, ప్లాస్టిక్ పలకలు వచ్చాక గిరాకీ పడిపోయింది. ఇక్కడి పలకరాయి ఇప్పుడు గోడలకు, నేలకు సొగసుగా పరిచే బిళ్లలుగా మారి ఊళ్లు దాటుతోంది. పలక లేదని లెక్క ఆగదు, కాగితం మీద చేసుకుంటారు. నల్ల చేనుకు మాత్రం జవాబు చెప్పేవాళ్లు తగ్గిపోతారు.

అలాగని కొత్త వస్తువుల మీద పొడుపు కథలు పుట్టకూడదని ఎక్కడుంది? ఇదిగో, మేం అల్లింది ఒకటి: రాత్రంతా గోడను కరుచుకుని పాలు తాగుతుంది, తెల్లారితే జేబులో కూచుని అరుస్తుంది.

చెప్పుకోండి చూద్దాం!